వెరావల్ బోటెక్కే ముందు ఇంటి దగ్గరున్న రెండు నెలల్లో ఏం చేసుకోవాలి

మే నెలాఖరు వచ్చిందంటే మన తీరం ఊళ్లు మళ్లీ నిండుతాయి. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి కనీసం జూలై 31 దాకా వేట నిషేధం కాబట్టి గుజరాత్‌లోని వెరావల్, మంగ్రోల్, పోర్‌బందర్ బోట్ల మీదున్న మనవాళ్లంతా ఇళ్లకు చేరతారు. పెళ్లిళ్లు, అమ్మవారి పండగలు, అప్పుల లెక్కలు, ఇంటి మీద రేకులు మార్చుకోవడం, అన్నీ ఆ రెండు నెలల్లోనే. జూలై సగం దాటగానే తండేళ్లు (బోటు నడిపే పెద్దలు) ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని కూడగడతారు, చేతిలో అడ్వాన్సు పడుతుంది, కొన్నాళ్లు తిరిగేసరికి సంచులతో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో నిలబడి ఉంటాం.

నేను ఆరు సీజన్లు వెరావల్ వెళ్లాను. మూడు కలాసీగా (డెక్ మీద పనివాడిగా), మూడు ఇంజను దగ్గర. మొదటిసారి వెళ్లినప్పుడు ఏ బోటు మీద పనిచేయబోతున్నానో దాని నంబరు కూడా నాకు తెలీదు. ఇప్పుడు మా వీధి కుర్రాళ్లు వచ్చి "అన్నా, ఏం పట్టుకెళ్లాలి" అని అడిగితే ఒకటే చెప్తాను: సంచి సంగతి తర్వాత, ముందు నీ పేరు ఎన్ని కాగితాల మీద ఉందో చూసుకో, నీ చేతికి ఎంత పని వచ్చో చూసుకో. ఈ రెండూ సరిచేసుకోవడానికి దొరికేది ఈ జూన్, జూలై మాత్రమే, ఆ తర్వాత పది నెలలు నీళ్ల మీదే.

శ్రీకాకుళం జిల్లా ఒక్కదానికే 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోట్లు కట్టుకునే హార్బరు మన ఊళ్ల పక్కనే ఉంటే ఇంత దూరం ఎవరూ వెళ్లరు. అది పెద్ద పోరాటం, దాన్ని ఇక్కడ కలపను. వెళ్లక తప్పనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

కాగితాలు: జూన్ మొదటి రెండు వారాల్లోనే

మన తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అంటే మీరు గుజరాత్ నుంచి దిగిన మొదటి రెండు వారాలు ఇక్కడా వేట ఉండదు, ఖాళీగానే ఉంటారు. ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందంతా అప్పుడే తిరగండి. జూలైలో చూసుకుందాంలే అనుకున్నవాళ్లకి ఎవరికీ పని అవడం నేను చూడలేదు.

మొదటిది మత్స్యకారుడి గుర్తింపు కార్డు. 2008 ముంబయి దాడుల తర్వాత సముద్రంలోకి వెళ్లే ప్రతివాళ్లకీ ఈ కార్డు ఉండాలన్నారు. అందులో పేరు, పుట్టిన తేదీ ఆధార్లో ఉన్నట్టే ఉండాలి. మనలో చాలామందికి ఇంటి పేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనక ఉంటుంది, ఒక కార్డులో అసలు ఉండదు. ఇంటి దగ్గర దానివల్ల పెద్ద ఇబ్బంది రాదు కాబట్టి పట్టించుకోం. కానీ 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు గుజరాత్ బోట్ల మీద ఉండగా పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయినప్పుడు, వీళ్లు భారతీయులే అని ఒక్కొక్కరి గురించీ నిర్ధారణ చేయాల్సి వచ్చింది. వాళ్లలో 20 మంది వాఘా దాటి ఇటు అడుగు పెట్టేసరికి 2020 జనవరి వచ్చింది. పదమూడు నెలలకు పైనే. అలాంటి రోజు ఎవరికీ రాకూడదు, వస్తే మాత్రం ఊళ్లో ఉన్న మీ భార్య చేతిలో, అమ్మ చేతిలో సరైన కాగితం ఉండాలి.

రెండోది బీమా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. ప్రాణం పోయినా, పూర్తిగా పనికిరాకుండా శాశ్వత వైకల్యం వచ్చినా 5 లక్షలు, కొంతమేర శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేలు. మనం కట్టాల్సిన ప్రీమియం ఏమీ లేదు, ప్రభుత్వాలే కడతాయి. కాకపోతే జాబితాలో మీ పేరు ఉండాలి. "అందరికీ ఉంటుందిలే" అని ఊరుకోకండి, మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లి మీ పేరు మీ కళ్లతో చూడండి. ఈ బీమా 18 ఏళ్ల నుంచే వర్తిస్తుంది. పదో తరగతి తప్పిన పిల్లాణ్ణి వంట పనికని బోటెక్కించే తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. పదహారేళ్ల పిల్లాడికి అక్కడ ఏమైనా జరిగితే అడగడానికి మీ దగ్గర ఏ కాగితమూ ఉండదు. దయచేసి పంపొద్దు.

నిషేధ కాలపు సాయం, 2025 నుంచి 20 వేలు చేశారు కదా, అది ఇక్కడి బోట్ల లెక్క చూసుకుని ఇచ్చేది. లెక్క రాసే రోజుల్లో మనం వెరావల్లో ఉంటాం. మీ పేరు వస్తుందా రాదా, రాకపోతే కారణమేంటి అన్నది వెళ్లే ముందే అడిగి తెలుసుకోండి. రేషన్ కార్డు మాత్రం దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. కార్డులో ఉన్నవాళ్లందరికీ ఈ-కేవైసీ అయిందో లేదో చూసుకోండి.

అడ్వాన్సు తీసుకునే ముందు అడగాల్సినవి

డబ్బు చేతిలో పడ్డాక నోరు పెగలదు, అందుకే ముందే అడగాలి. తండేలు మన ఊరివాడే అయ్యుంటాడు, వరసకి బావో మావయ్యో అవుతాడు, అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటం. అడిగితే మంచి తండేలు ఏమీ అనుకోడు. నా మూడో సీజన్ నుంచి నేను మాటల్ని ఇలా మొదలుపెట్టేవాణ్ణి: "మావయ్యా, నీ మీద నమ్మకం లేక కాదు, ఇంట్లో చెప్పాలి, ఒక కాగితం మీద రాసుకుందాం."

ఏం రాయాలంటే: నెలకి జీతం ఎంత, ఏ తేదీ నుంచి మొదలు. రైలెక్కిన రోజు నుంచా, బోటు హార్బరు వదిలిన రోజు నుంచా? ఇక్కడే పది పదిహేను రోజుల జీతం తేడా వస్తుంది. తుపాను హెచ్చరికతో బోటు ఒడ్డున ఉంటే ఆ రోజులకి జీతం ఉందా. తిండి సరుకులు, గ్యాస్ ఎవరి ఖర్చు. జ్వరం వచ్చి, దెబ్బ తగిలి ఒడ్డున పడుకుంటే మందుల ఖర్చు ఎవరిది, ఆ రోజుల జీతం కోస్తారా. మధ్యలో ఇంట్లో చావో పుట్టుకో అయి రావాల్సి వస్తే అడ్వాన్సు బాకీ ఎలా తీర్చాలి. తిరుగు టికెట్ ఎవరు కొంటారు. రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టి, ఫోన్లో ఫోటో తీసి, ఆ ఫోటో ఇంటికి వాట్సాప్ చేయండి. ఫోన్ సముద్రంలో పడినా ఇంట్లో ఉంటుంది.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను, అంకెలు మీ మీ ఒప్పందం ప్రకారం మార్చుకోండి. నెలకి 12 వేలు, తొమ్మిది నెలలు అనుకుంటే 1,08,000. అడ్వాన్సు 40 వేలు ముందే తీసుకున్నాం. ఎనిమిది నెలలు నెలకి 5 వేలు ఇంటికి వేయించుకున్నాం, అది 40 వేలు. మిగిలింది 28 వేలు. బోటు ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ వెయ్యి, రెండు వేలు చేతిఖర్చు తీసుకుంటాం కదా, దాన్ని రాసుకోకపోతే మే నెలలో ఆ 28 వేలు ఎలా కరిగిపోయాయో ఎవరూ చెప్పలేరు. నా మొదటి సీజన్లో నా అడ్వాన్సు సేఠ్ (బోటు యజమాని) పుస్తకంలో రెండు చోట్ల పడింది, ఒకసారి తండేలు ఖాతాలో, ఒకసారి నా ఖాతాలో. నా దగ్గర ఏ రాతా లేదు. ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను, మా అమ్మకి ఏం చెప్పాలో తెలియక స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. ఆ తర్వాత ఐదు సీజన్లూ చిన్న నోటు పుస్తకం పాలిథీన్ కవర్లో చుట్టి, తలగడ కింద పెట్టుకున్నాను. తీసుకున్న ప్రతి రూపాయీ తేదీతో.

ఇంటి దగ్గరే నేర్చుకునే పని

తెప్ప మీద వేట వచ్చినంత మాత్రాన ట్రాలర్ (వలని వెనక ఈడ్చుకుంటూ పోయే పెద్ద బోటు) పని వచ్చినట్టు కాదు. సముద్రం అదే, కెరటం అదే, కానీ అక్కడ ఇంజను, వించి (వల లాగే యంత్రం), వైరు, ఐస్ గది ఉంటాయి, పదిహేను ఇరవై రోజులు ఒడ్డు కనపడదు. మూడు నాలుగు గంటలకొకసారి వల లాగాలి, పగలూ రాత్రీ తేడా లేదు.

మొదటి రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను. అప్పుడే కన్ను మూతపడుతుంది, ఇంజను చప్పుడు మారుతుంది, ఎవరో కాలితో తట్టి లేపుతారు. డెక్ మీద ఒకే బల్బు. వించి తిరుగుతుంటే వైరు గీరుకుంటూ వస్తుంది, వల సంచి పైకి లేచి నీళ్లు కారుతూ ఊగుతుంది, ముడి లాగగానే చేపంతా కాళ్ల మీద పడుతుంది. వెంటనే చేతులు పెట్టి ఏరడం మొదలుపెడతాం. అక్కడే ఆగండి. ఆ కుప్పలో జెల్ల ముల్లు ఉంటుంది, టేకు చేప తోక ఉంటుంది, ఒక్కోసారి పాము ఉంటుంది. గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు, ముందు చెక్కతో కుప్పని పరచండి. టేకు ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటుని అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. కాలేంత వేడి వద్దు, నీళ్ల వేడి ఎంతుందో దెబ్బ తగలని చేత్తో చూసుకోండి. ముల్లు ఛాతీలో, పొట్టలో, మెడలో దిగితే మాత్రం లాగకండి, అది డాక్టరు తీయాల్సింది, బోటు వెనక్కి తిప్పాల్సిందే.

వించి దగ్గర వదులు చొక్కా, మెడలో తువ్వాలు, చేతికి తాడు, ఇవేవీ ఉండకూడదు. తిరుగుతున్న వైరుని చేత్తో సర్దడం అందరూ చేస్తారు, చాలా రోజులు ఏమీ కాదు కూడా. మా బోటులో ఒక కుర్రాడు అలాగే సర్దుతూ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అరుపు కూడా వినపడలేదు, వాడు చెయ్యి పట్టుకుని కూర్చోవడమే చూశాం. వైరు లాగుతుండగా దానికి ఎదురుగా, బిగుసుకున్న తాడు గీతలో నిలబడకండి. తెగితే అది కొరడాలా వస్తుంది.

ఇంకొకటి ఎవరూ నేర్పరు, నేనూ ఆలస్యంగానే తెలుసుకున్నాను. చేప నిల్వ గదిలో అడుగున కుళ్లిన నీళ్లు, చేప ముక్కలు చేరి మూత మూసి ఉంటే విషవాయువు పడుతుంది. శుభ్రం చేయడానికి దిగినవాడు పడిపోతే, వాణ్ణి తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. మూతలు తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, దిగేవాడి నడుముకి తాడు కట్టాలి, పైన ఒక మనిషి కదలకుండా ఉండాలి. కుళ్లిన గుడ్డు వాసన కొట్టి కాసేపటికి తగ్గితే వాయువు పోయిందనుకోవద్దు. మన ముక్కు మొద్దుబారి ఉండొచ్చు.

ఇప్పుడు జీపీఎస్. ఇది తండేలు పని, మనకెందుకు అనుకునేవాళ్లు జీవితాంతం కలాసీలుగానే ఉండిపోతారు. ఫోన్లోనే నేర్చుకోవచ్చు. ఉత్తర దక్షిణ దిక్కుల్లో చూపించే అంకెలో ఒక డిగ్రీకి 60 నిమిషాలు, ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని మీ ఇంటి దగ్గర ఒక అంకె, బీచ్ వెంబడి ఉత్తరంగా నడిచి ఇంకో అంకె రాసుకుని దూరం లెక్క కట్టండి. నాలుగు రోజులు చేస్తే వచ్చేస్తుంది. వల లాగుతూ గంటకి మూడు నాటికల్ మైళ్లు పోతుంది బోటు. ఒక్క వలకి మూడు గంటలు వేసుకున్నా తొమ్మిది మైళ్లు. పాకిస్తాన్ సరిహద్దు గీతకి ఇవతల ఐదు నాటికల్ మైళ్ల మేర వేట చేయకూడదన్నారు. ఆ దూరం ఒక్క వల లాగేటప్పుడే దాటిపోతుంది, చేప ఉందని ఉత్తరానికే పోతూ, అందరూ అలిసి నిద్రపోతే తెల్లారేసరికి ఎక్కడుంటామో ఆలోచించండి. కలాసీకి కూడా అంకె చదవడం వస్తే రాత్రి కాపలాలో ఉన్నవాడు తండేల్ని లేపగలడు. లోతు అయితే మనకి కొత్త కాదు, మన బార (రెండు చేతులు చాచినంత), వాళ్ల ఫ్యాదమ్ దాదాపు ఒకటే.

రేడియో కూడా అంతే. వీహెచ్‌ఎఫ్ సెట్లో ప్రమాదానికి 16వ ఛానల్. "మేడే" మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, ఎక్కడున్నారో జీపీఎస్ అంకె, ఏమైంది, ఎంతమంది ఉన్నారు. ఈ వరస ఇంట్లో పైకి చదివి అలవాటు చేసుకోండి. భయంలో గుర్తొచ్చేది నోటికి అలవాటైందే. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఇప్పుడు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు బోట్లకి బిగిస్తున్నారు, అవి సరిహద్దు దగ్గరైతే హెచ్చరిస్తాయి, ఆపదలో సందేశం పంపుతాయి. మీ బోటులో ఉంటే ఏ బటన్ దేనికో మొదటి రోజే తండేల్ని అడగండి. లైఫ్ జాకెట్ ఎక్కడ పెట్టారో అడిగి, తీసి ఒకసారి తొడుక్కుని బకిల్స్ పెట్టి చూడండి. ఐస్ బస్తాల కింద ఉన్న జాకెట్ లేనట్టే లెక్క.

ఐస్ పని చేతికొస్తే బోటులో విలువ పెరుగుతుంది. చేప ఎంతో ఐస్ అంత, అడుగున ఒక వరస, పైన ఒక వరస, మధ్యలో పొర పొరకీ. నలగ్గొట్టిన ఐస్ అయితేనే చేపని అంటుకుని ఉంటుంది, పెద్ద గడ్డలు వేస్తే చేప నలుగుతుంది, రేటు పడిపోతుంది. స్క్విడ్, కటిల్ మాత్రం ఐస్ నీళ్లు నేరుగా తగిలితే రంగు చెడతాయి, పాలిథీన్‌లో వేసి ఐస్‌లో పెట్టాలి. చందువా, వంజరం గీతలు పడకుండా విడిగా పెట్టాలి. ఇవన్నీ మన ఊళ్లో ఆడవాళ్లు ఒడ్డున చేసే పనే, వాళ్లని అడిగితే నాకంటే బాగా చెప్తారు.

మాటలు నాలుగు చాలు మొదట్లో: ఖీంచో అంటే లాగు, ఛోడో అంటే వదులు, రుకో అంటే ఆగు, హటో అంటే తప్పుకో. ఎక్కువ బోట్లలో మనవాళ్లే ఉంటారు కానీ హార్బరులో, ఆసుపత్రిలో హిందీ కావాలి. గుజరాతీలో ఐస్ బరఫ్, వల జాళ్.

పెద్ద చదువు వైపు

ఇంట్లో పదో తరగతి పాసైన తమ్ముడుంటే వాణ్ణి కలాసీగా తీసుకెళ్లే ముందు సిఫ్‌నెట్ గురించి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ, కొచ్చిలో ప్రధాన కేంద్రం, చెన్నైలో, మన విశాఖపట్నంలో యూనిట్లు ఉన్నాయి. వెసెల్ నేవిగేటర్ (ఓడ నడపడం), మెరైన్ ఫిట్టర్ (ఇంజను పని) అని రెండేళ్ల కోర్సులు. పదిలో లెక్కలు, సైన్సు మార్కులు చూస్తారు. ఆ కోర్సు చేసి, సముద్రం మీద అనుభవం వచ్చాక మేట్, స్కిప్పర్, ఇంజను డ్రైవర్ పరీక్షలు రాయొచ్చు. తండేలు కావడానికి నాకు తెలిసినవాళ్లకి పదేళ్లు పట్టింది, సర్టిఫికెట్ లేకపోవడం వల్ల ఇంకో ఓడ ఎక్కలేకపోయారు. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. విశాఖలోని నిఫాట్ యూనిట్‌లో చేప ప్రాసెసింగ్ శిక్షణ ఇస్తారు, ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్లకి అది పనికొస్తుంది. ఏ నెలలో ఏ శిక్షణ ఉందో మన మండల మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. పదిమంది కలిసి వెళ్లి అడిగితే మాట వింటారు.

ఇంట్లో ఉండేవాళ్లకి

ఒక ఫైలు పెట్టండి. ఆధార్, మత్స్యకారుడి కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సులు, అడ్వాన్సు కాగితం ఫోటో. బోటు పేరు, బోటు రిజిస్ట్రేషన్ నంబరు (ఐఎన్‌డీ, జీజే అని మొదలవుతుంది), సేఠ్ పేరు, ఫోన్, తండేలు ఫోన్, ఆ బోటులో ఉన్న మిగతా వాళ్ల ఇళ్ల ఫోన్లు. గుజరాత్‌లో బోటు కదలాలంటే టోకెన్ తీసుకోవాలి, అందులో సిబ్బంది పేర్లు రాస్తారు. మీ పేరు ఉందా, ఎలా రాశారు అన్నది చూసుకుని ప్రతి ట్రిప్పుకీ ఇంటికి చెప్పండి: "ఇవాళ బయల్దేరుతున్నాం, ఫలానా రోజుకి వస్తాం." చివరి నిమిషంలో వేరే బోటుకి మారితే కొత్త నంబరు పంపకుండా ఎక్కొద్దు. 2020 లాక్‌డౌన్లో వేల మంది మనవాళ్లు వెరావల్ హార్బరులో బోట్ల మీదే చిక్కుకుపోయినప్పుడు, ఎవరు ఏ బోటులో ఉన్నారో రాసిపెట్టుకున్న ఊళ్లే అధికారులకి జాబితా తొందరగా ఇవ్వగలిగాయని మా వైపు అనుకునేవాళ్లు. బస్సులు పెట్టి తీసుకొచ్చేదాకా వాళ్ల ఇళ్లలో నిద్రలేదు.

మే నెల లెక్క

సీజన్ అయిపోయాక సేఠ్ దగ్గర కూర్చునే రోజు అందరికీ రైలు తొందర. లెక్క ముగించి సంతకం పెట్టమంటారు. మీ నోటు పుస్తకం తీసి పక్కన పెట్టండి, ఒక్కో తేదీ ఆయన పుస్తకంతో సరిచూడండి, తేడా ఉంటే అక్కడే, తండేలు ముందే అడగండి. కోపంగా కాదు, "సేఠ్, ఈ రెండు వేలు నేను తీసుకోలేదు, చూడండి" అని. మిగిలింది నగదుగా వద్దు, మీ ఖాతాలో వేయించుకోండి. రైల్లో రెండు రాత్రుల ప్రయాణం, జేబులో 30 వేలతో నిద్రపట్టదు. డబ్బు పడిన మెసేజ్ వచ్చాకే సంతకం. ఆ లెక్క పేజీ ఫోటో తీసి ఇంటికి పంపి, అప్పుడు స్టేషన్‌కి బయల్దేరండి.